పది గంటలకు తిన్నగా

వారానికి ఇరవై ఇంగ్లీషు మాటలు. సోమవారం బోర్డు మీద రాసి అర్థం చెప్పేవాణ్ణి. శుక్రవారానికి తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కో మాటకు ఒక్కో సొంత వాక్యం రాసి తేవాలి. గైడులోంచి ఎక్కిస్తే ఒప్పుకునేవాణ్ణి కాదు. "మీ ఇంట్లో, మీ చేలో, మీ కళ్ళతో చూసిందే రాయండి" అని నేనే చెప్పాను. ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందని తర్వాత చాలా రోజులు అనుకున్నాను.

1986 జనవరిలో ఒక సోమవారం రాసిన ఇరవైలో పదమూడోది 'కంటార్టెడ్'. ఉండాల్సిన ఆకారం తప్పి మెలి తిరిగిపోయిన, వంకర్లు పోయిన అని అర్థం చెప్పాను.

"అంటే వంకరగా ఉంటే చాలా సార్?" అన్నాడు హనుమంతు.

"చాలదు. కొడవలి కూడా వంకరే. దాని ఆకారమే అది. తిన్నగా ఉండాల్సింది ఏదో బలానికో నొప్పికో మెలి తిరిగితేనే ఈ మాట వాడతాం. చెట్టుకు వాడొచ్చు, ముఖానికి వాడొచ్చు, ఒంటికి వాడొచ్చు."

"మా తాత కాలికి?"

"మీ తాత ఒప్పుకుంటే వాడుకో."

క్లాసు నవ్వింది. రెండో బెంచీలోంచి సాబిరా లేచి, "జిలేబీకి సార్?" అంది.

"జిలేబీ పుట్టడమే అట్లా పుట్టింది. దానికేం నొప్పి?"

"నూనెలో ఏస్తే నొప్పి ఉండదా సార్?"

ఆడపిల్లల బెంచీలన్నీ నవ్వాయి. మూడో బెంచీ చివర కూర్చున్న సుభాషిణి నవ్వలేదు. తల వంచుకుని రాసుకుంటోంది.

శుక్రవారం సాయంత్రం పుస్తకాలు నా గదికి తెచ్చుకుని దిద్దుతున్నాను. హనుమంతు తాత కాలు వదిలేసి హెడ్మాస్టరు గొడుగు గురించి రాశాడు. సాబిరా జిలేబీనే రాసింది. సుభాషిణి పుస్తకంలో పదమూడో అంకె పక్కన ఇలా ఉంది: 'మై మదర్ వాజ్ కంటార్టెడ్ ఇన్ ద మార్నింగ్. ఎట్ టెన్ ఓ క్లాక్ షి వాజ్ స్ట్రెయిట్.'

పొద్దున మా అమ్మ మెలి తిరిగి ఉంది. పది గంటలకు తిన్నగా ఉంది.

ఒక వాక్యం అడిగితే రెండు రాసింది. రెండిట్లోనూ తప్పు కోసం వెతికాను. లేదు. ఎర్ర సిరా కలం చేతిలోనే ఉంది. 'మదర్' అన్న మాట కొట్టేసి దాని పైన 'ట్రీ' అని రాశాను. ఎందుకు రాశానో రాసేటప్పుడు నాకు తెలుసు. రాసిన మరుక్షణం తెలియనట్టు పక్క పుస్తకం తీసుకున్నాను.

దిద్దిన వాక్యాన్ని అయిదుసార్లు రాసి తేవాలన్నది నా తరగతి పద్ధతి. సోమవారం ఆమె అయిదుసార్లు రాసి తెచ్చింది. నేను దిద్దినంత వరకే మార్చింది. పొద్దున నా చెట్టు మెలి తిరిగి ఉంది. పది గంటలకు ఆమె తిన్నగా ఉంది. చెట్టు వచ్చింది, ఆమె పోలేదు. అయిదు వరసల్లోనూ అలాగే ఉంది.

సుభాషిణి వాళ్ళ ఇల్లు నా గదికి సరిగ్గా ఎదురు. నేను అచ్చంపేట వాణ్ణి. ఉద్యోగం తెచ్చి పడేసిన ఈ ఊరు కారంపూడికీ వెల్దుర్తికీ మధ్య ఉంది. బస్సు రోజుకు రెండుసార్లు వచ్చేది. ఒంటరివాణ్ణి. మేడ మీద గది, అందులో మంచం, పుస్తకాలు, వీధిలోకి ఒక కిటికీ. కిటికీ తెరిస్తే యల్లమంద గారి వాకిలి. యల్లమంద సుభాషిణి తండ్రి. పత్తి, మిరప వేసేవాడు. భార్య కోటేశ్వరమ్మ మజ్జిగ చేసిన రోజున చెంబుడు నాకు పంపేది. చెంబు తిరిగి ఇవ్వడం మర్చిపోతే వాకిట్లో నిలబడి పైకి చూసి, "ఏంది మేస్టారూ, పిలకాయలకి పద్యాలు గుర్తుండాల, మీకు చెంబు గుర్తుండదా?" అనేది. ఆ గొంతు వీధి చివరిదాకా వినపడేది.

ఆ చదువు సంవత్సరంలోనే, ఆగస్టు ఇరవై రెండున ఆమె పోయింది. గుండె ఆగిందన్నారు. వెల్దుర్తి నుంచి తమ్ముడు చెన్నకేశవులు వచ్చి, పోలీసులు రావాలని పట్టుబట్టాడు. హెడ్ కానిస్టేబులు వచ్చాడు. పంచనామాకు అయిదుగురు కావాలి, ఒకటన్నా చదువుకున్నవాడి సంతకం ఉండాలి అని పదకొండింటికి నన్ను బడి నుంచి పిలిపించారు.

నేను వెళ్ళేసరికి కోటేశ్వరమ్మను వసారాలో పడుకోబెట్టారు. కాళ్ళు జోడించి ఉన్నాయి. చేతులు పక్కన చాపి ఉన్నాయి. ముఖానికి పసుపు. చెన్నకేశవులు అప్పటిదాకా అరుస్తూనే ఉన్నాడట. ముఖం చూసి కూలబడ్డాడు.

"నిద్రపోయినట్టుంది మా అక్క" అన్నాడు.

"అనుమానముంటే చెప్పవయ్యా" అన్నాడు హెడ్డు. "అనుమానమంటే గురజాల తీసుకుపోవాల. అక్కడ కోస్తారు. నీ ఇష్టం."

చెన్నకేశవులు రెండు చేతులూ జోడించాడు. "వద్దండి. మా అక్కని కొయ్యొద్దు."

హెడ్డు చెబుతుంటే ఒకరు రాశారు. శవం వెల్లకిల ఉంది, కాళ్ళు చేతులు తిన్నగా ఉన్నాయి, ముఖం ప్రశాంతంగా ఉంది. నలుగురు పెట్టాక అయిదో సంతకం నాది. వంగి సంతకం పెడుతుంటే నూనె, పసుపు, సాంబ్రాణి వాసనల అడుగున ఇంకో వాసన తగిలింది. పత్తికి కొట్టే మందు. ఆ నెలలో ఊరంతా అదే వాసన, బట్టలకూ చేతులకూ అదే వాసన అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎంత త్వరగా చెప్పుకున్నానంటే, ఆ జవాబు ముందే నాలో సిద్ధంగా ఉండి ఉండాలి.

ఇంకొకటి కూడా ఉంది. దాన్ని అప్పటికి నాకు నేను కూడా చెప్పుకోలేదు.

సుభాషిణి వాక్యం చూశాక నేను మాటలను ఏరి రాయడం మొదలుపెట్టాను. నొప్పి, భయం, చావు దగ్గరికి పోయేవన్నీ తీసేశాను. బకెట్, థ్రెడ్, స్పూన్, విండో. అయిదో తరగతి పిల్లలకు చెప్పే మాటలు.

"ఇవి మాకు వచ్చు సార్" అని హనుమంతు గొణిగాడు.

"వాక్యం రాయడం వచ్చా?" అని కసిరాను.

శుక్రవారం నాడు ఆమె పుస్తకం అన్నిటికంటే అడుగున పెట్టుకున్నాను. పైవన్నీ దిద్దడం అయ్యేసరికి ఎండ ఇంకా గోడ మీదే ఉంది. తెరవక తప్పలేదు.

బకెట్ దగ్గర: రెండు బకెట్ల వేడినీళ్ళు వచ్చాయి. అవి స్నానానికి కాదు.

థ్రెడ్ దగ్గర: అమ్మ కాలి బొటనవేళ్ళు కలిపి కట్టడానికి దారం నా లంగా అంచు నుంచి తీశారు.

విండో దగ్గర: ముందు రోజు సాయంత్రం ఎదురింటి మేడ మీద కిటికీ తెరిచి ఉంది. తర్వాత మూసి ఉంది.

పుస్తకం మూసి కిటికీ వైపు చూశాను. అవతల వాళ్ళ వాకిట్లో సుభాషిణి కల్లాపి చల్లుతోంది. తల ఎత్తలేదు.

ఆ వారం నాకు ఏదో అయింది. దెయ్యాలు వంకరగా కనపడతాయంటారు. నన్ను భయపెట్టినవి తిన్నగా ఉన్నవి. బోర్డు మీద నేను గీసిన గీత, వరసలో నిలబెట్టిన పిల్లలు, చాకలి మడత పెట్టి తెచ్చిన చొక్కా. తిన్నగా ఉన్న దేన్ని చూసినా దీన్ని ఎవరు తిన్నగా చేశారు, ముందు ఎలా ఉండేది అనిపించేది. పొద్దున్నే మెలకువ వచ్చేసరికి కాళ్ళు జోడించి, చేతులు పక్కన చాపి పడుకుని ఉండేవాణ్ణి. అంతకుముందు నేనెప్పుడూ అలా పడుకునేవాణ్ణి కాదు. ముడుచుకుని పడుకునేవాణ్ణి. ఎవరో వచ్చి సర్ది వెళ్ళినట్టుండేది. ఒక సంగతిని మనసు లోపలికి తోసేస్తే అది ఒంట్లోకి దిగుతుందని పుస్తకాల్లో చదివినప్పుడు పక్కన పెన్సిలుతో గీతలు గీసుకున్నాను. అప్పుడది ఇంకెవరి సంగతో.

ఆదివారం పిచ్చమ్మ ఇంటికి వెళ్ళాను. ఆ ఊళ్ళో ఎవరు పోయినా ముందు ఆమెకే కబురు. బిగుసుకుపోయిన కాళ్ళూ చేతులూ వేడినీళ్ళతో కాచి, నూనె రాసి, ఒక్కో కీలూ సడలించి సర్దుతుంది. వంకరగా పోయినవాళ్ళు వంకరగానే తిరుగుతారని, దారి దొరకదని ఆ ఊరి నమ్మకం. అరవై దాటిన మనిషి. వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"ఏంది మేస్టారూ, ఇట్టొచ్చారు? మీకింకా టైముంది" అంది.

కోటేశ్వరమ్మ సంగతి అడిగాను. ఆమె చేతులు ఆగలేదు.

"మందు తాగింది. మీకు తెలవదా? సంతకం పెట్టారుగా."

"అంతమందీ చూస్తూ..."

"ఏం జెయ్యమంటారు? అట్టనే ఉంచితే పోలీసోళ్ళు గురజాల ఏసకపోయి ఆడకూతుర్ని గొడ్డును కోసినట్టు కోసుండేవోళ్ళు. నేను ఉన్నమ్మని ఉన్నట్టు పంపిచ్చా. తప్పా?"

ఆమె ముఖంలో తప్పు లేదు. ఆ ఇంట్లో ఆ పొద్దున కోటేశ్వరమ్మ మీద కాస్త దయ చూపింది ఈమె ఒక్కతేనేమో. ఆ దయతోనే అడగాల్సిన ప్రశ్న కూడా తుడిచిపెట్టుకుపోయింది. ఎందుకు తాగిందని ఆ తర్వాత ఎవరూ అడగలేదు. తిన్నగా పడుకున్న మనిషిని ఎవరేం అడుగుతారు?

"ఒక్కదాని వల్ల కాలా" అని పిచ్చమ్మే అంది. "చానా బిగిసింది. మోకాళ్ళు పొట్టలోంచి రాలా. ఆ పిల్లని పిలిచా, మోకాళ్ళ మీద కూకోవే అన్నా. కూకుంది. చప్పుడొచ్చింది. ఆ పిల్ల నా మొహం చూసింది చూడండి, ఇప్పటికీ నూనె గిన్నె ముట్టుకుంటే ఆ చూపే. మొన్నొచ్చి అడిగింది, పిచ్చమ్మవ్వా, మా అమ్మ ఎట్టుందో నీకు గుర్తుందా అని. లేదే అన్నా."

"గుర్తు లేదా?"

"గుర్తుంటే బతికేది ఎట్టా మేస్టారూ?" అని తొడిమలు చేటలో పోసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాతి శుక్రవారం, చివరి గంట కొట్టాక పిల్లలు పోయారు. నేను వరండాలోంచి దిగబోతుంటే యల్లమంద వచ్చాడు. వెనకాల సుభాషిణి. ఆయన చేతిలో ఆమె ఇంగ్లీషు పుస్తకం ఉంది. తలకిందులుగా పట్టుకున్నాడు.

"మేస్టారూ, మీరు పిచ్చమ్మని ఏందో అడిగారంట."

నేను మెట్టు మీదే ఆగాను.

"ఇది రెండు వారాల్నుంచి ఇంటికి రాంగానే ఈ పుస్తకం పట్టుకుని కూర్చుంటంది. ఏందే అంటే ఇంగ్లీషంటది. నాకు రాదు గందా. ఇందులో ఏం రాసిందో చదవండి." గొంతు తగ్గించాడు. "వాళ్ళమ్మ ఊసుంటే మాత్రం రేపట్నుంచి బడి లేదు దీనికి. సోమారం నుంచి చేనుకొచ్చిద్ది."

పుస్తకం నా చేతిలో పెట్టాడు. సులువైన పని. చెట్టు, గొడుగు, జిలేబీ అని నోటికొచ్చింది చదివేస్తే ఆయన నమ్ముతాడు. పిల్ల చదువు నిలుస్తుంది. అబద్ధం చెప్పినా అది మంచి అబద్ధమే. పిచ్చమ్మ నూనె లాంటిది. సుభాషిణి వైపు చూశాను. నేను ఏం ఆలోచిస్తున్నానో ఆమెకు తెలిసిపోయింది.

"ఉన్నది ఉన్నట్టు చదవండి సార్" అంది.

పేజీ తిప్పి మొదటి నుంచి చదివాను. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. నేను కొట్టేసిన 'మదర్' దగ్గర ఆగి, "ఇక్కడ అమ్మ అని రాసింది. నేనే కొట్టేశాను" అన్నాను. వేడినీళ్ళు చదివాను. దారం చదివాను. ఆ వారానివి కొత్తవి, నేను అంతకుముందు చూడనివి ఉన్నాయి. 'నీ', అంటే మోకాలు, అన్న మాట దగ్గర: అమ్మ మోకాళ్ళు పొట్టలో ఉన్నాయి, నేను వాటి మీద కూర్చున్నాను. హ్యాండ్ దగ్గర: ఎడమ చెయ్యి మెడ కింద ఉంది, కుడి చెయ్యి ముందుకు చాపి ఉంది.

యల్లమంద ముఖం కందిపోయింది. కొడతాడనుకున్నాను, నన్నో ఆ పిల్లనో. కొట్టలేదు. వరండా గచ్చు వైపు చూశాడు. తర్వాత మామూలు గొంతుతో అన్నాడు.

"కుడి చెయ్యి కాదు."

"ఏంటి?"

"చాపింది ఎడం చెయ్యి. తలుపు కింద సందులోకి పెట్టింది వేళ్ళు. నేను తలుపు తీస్తే ముందు ఆ వేళ్ళే కనపడ్డయ్." స్తంభం పట్టుకున్నాడు. మెల్లగా దాని పక్కనే కింద కూర్చున్నాడు. "నేనే గొళ్ళెం పెట్టా. బయట. తమ్ముడింటికి పోతానని మూట కట్టింది. కోపమొచ్చి పెట్టా. ఎప్పుడూ పెట్టేదే. తెల్లారి తీసేదే. ఆ గదిలో మందు డబ్బా ఉందని..."



నాకు ఆ చప్పుడు వినిపించింది. ఇప్పుడు కాదు. ఆగస్టు ఇరవై ఒకటో తేదీ సాయంత్రం, దీపాలు పెట్టే వేళ. తలుపు మీద అరచేతులతో కొడుతున్న చప్పుడు. వీధి చివరిదాకా వినపడే ఆ గొంతు. నేను చదువుకుంటున్నాను. మొగుడూ పెళ్ళాల గొడవ అనుకున్నాను. లేచి కిటికీ మూశాను. మూసి, ఎక్కడ ఆపానో వెతుక్కుని మళ్ళీ చదువుకున్నాను. ఆ పేజీ ఏమిటో కూడా నాకు గుర్తుంది.

"సార్" అంది సుభాషిణి. "గొళ్ళేన్ని ఇంగ్లీషులో ఏమంటారు?"

ఆమె సంచిలోంచి కలం తీసి పట్టుకుని ఉంది. ఇన్ని వారాలూ అన్నీ రాసి అది ఒక్కటి రాయనిది, ఆ మాట తెలియకనో, తండ్రి నోటి నుంచి రావాలనో నాకు తెలియదు.

"బోల్ట్" అన్నాను. అక్షరాలు కూడా చెప్పాను.

పుస్తకం తీసుకుని, వరండా గోడ మీద పెట్టుకుని, నిలబడే రాసింది. రాసి నాకిచ్చింది.

"ఏం రాసింది?" అన్నాడు యల్లమంద, తల ఎత్తకుండానే.

చదివాను. "గొళ్ళెం బయట ఉంది. నేను తీయలేదు."

ఆయన రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. "నేనే తియ్యనియ్యలేదు గందే" అన్నాడు. "తీస్తే కాళ్ళిరగ్గొడతానన్నా. నువ్వు కాదే. నువ్వు కాదు."

"నాకు అందేదే" అంది సుభాషిణి. "గొళ్ళెం నాకు అందేదే నాన్నా."

దిద్దడానికి నా జేబులో ఎర్ర సిరా కలం ఉంది. అది తీయలేదు. ఆమె కలమే అడిగి తీసుకున్నాను. ఆమె వాక్యం కింద ఇంగ్లీషులోనే రాశాను. తలుపు చప్పుడు నేను విన్నాను. కిటికీ మూసింది నేను. మందు వాసన నాకు తెలిసింది. కింద సంతకం పెట్టి, ఆగస్టు ఇరవై రెండు అని తేదీ వేశాను. పంచనామాలో ఎలా పెట్టానో అలాగే, అవే అక్షరాలు. గీత మాత్రం వంకర పోయింది.

ఆమె చదివింది. తప్పుందేమో చూస్తున్నట్టు రెండోసారి చదివింది. నా వైపు చూడలేదు. క్షమించినట్టూ లేదు. పుస్తకం సంచిలో పెట్టుకుంది.

"సోమవారం మాటలు ఇప్పుడే చెప్తారా సార్? నన్ను రానిస్తారో లేదో."

"వచ్చిద్దిలే" అన్నాడు యల్లమంద, చేతుల్లోంచే.

ఎండ వరండా దిగిపోయింది. ఆయన లేవలేదు. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, తల వాటి మధ్య పెట్టుకుని, స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. ఒక చెయ్యి గచ్చు మీద చాపి ఉంది. సుభాషిణి కొంచెం దూరంలో నిలబడి ఆ చేతినే చూస్తోంది. నేనూ చూస్తున్నాను. ఎవరమూ దగ్గరికి వెళ్ళి ఆయన్ని సర్దలేదు.